క్రీడావృత్తి – ఆర్థికమాంద్యము

దేశమున కాసులకు కఱవు వచ్చినప్పుడు ఎవరి పొయ్యిలో ముందుగా పిల్లి పండుకొనునో చూచినచో, ఏ వృత్తికి నేలలో వేరు గలదో, ఏది నీటిపై నాచువలె తేలుచున్నదో తేటపడును. సేద్యగాండ్ర కష్టములను గూర్చియు, నేతగాండ్ర ఇక్కట్లను గూర్చియు వ్రాయునపుడు మేము ఈ పరీక్షనే చేయుచుందుము. ఈ వారము అదే పరీక్షను మన పెద్దలలో పలువురు వృత్తియని యొప్పుకొనని యొక వృత్తికి చేయదలచితిమి. కంప్యూటరు తెఱపైనను చేతిఫోనుపైనను ఆడు వీడియో ఆటలే జీవనాధారముగా జేసికొన్న యువకుల వృత్తి యది. దీనిని లోకమున ఈ-స్పోర్ట్సు అని వ్యవహరించుచున్నారు.

ఆటలాడి అన్నము తినువాని గొడవ మనకేలయని పఠనమందిరములో నెవరైన నడుగవచ్చును. 2016లో ఇంటర్నెట్టు చౌకయైన పిమ్మట మన పట్టణములలో ఈ ఆట తెలియని యిల్లు అరుదు. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వము దీనిని యువజన క్రీడామంత్రిత్వశాఖ పరిధిలోనికి తెచ్చి, బహుక్రీడోత్సవములలో భాగముగా గుర్తించెను. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటలకు పతకములిచ్చిరి. ఇట్టి సమయమున ఇంటర్మీడియేటు చదువుచున్న కుమారుడు తండ్రి యెదుట నిలిచి, "నేను దీనితోనే బ్రతుకుదును" అనినచో, ఆ తండ్రికి ఏమి ప్రత్యుత్తరము గలదు? అవునని చెప్పుటకుగాని కాదని చెప్పుటకుగాని అతనికి ఆధారము కావలయును. ఇదివఱలో వచ్చిన మూడు మాంద్యముల చరిత్రలో ఆ ఆధారము కొంత దొరకునని మా నమ్మకము.

ముందు ఈ వృత్తియొక్క జమాఖర్చులు తెలియవలెను. ఆటను నిర్మించినది ఒక కంపెనీ. దాని యనుమతితో పోటీలు నడుపునది మఱియొక సంస్థ. కొన్నియెడల ఆ కంపెనీయే నడుపును. జట్టు యజమాని ఆటగాండ్రను జీతమునకు కుదుర్చుకొనును. ఆ జీతము చూపరులవలన రాదు. చూపరులు లక్షలకొలది యున్నను, యూట్యూబులోను ట్విచ్‌లోను వారు ఊరకయే చూచుచున్నారు. తమ సరకు పేరును ఆటగాని చొక్కాపై అచ్చొత్తించుకొను వ్యాపారులు కొంత యిత్తురు. ఏనాటికైనను లాభము రాకపోదాయని నమ్మి పెట్టుబడిదారులు మఱికొంత యిత్తురు. బహుమానపు సొమ్ము గెలిచినవానికే గాని యోడినవానికి లేదు. కావున సామాన్యుడైన ఆటగాని నెలజీతము ప్రకటనకర్తల మిగులుధనముపైనను, పెట్టుబడిదారుల ఆశపైనను నిలిచియున్నది. మాంద్యము వచ్చినతోడనే వ్యాపారి మొదట తగ్గించునది ప్రకటనల ఖర్చు. పెట్టుబడిదారుడు మొదట వెనుకకు లాగుకొనునది లాభము కానరానిచోట పెట్టిన సొమ్ము. ఈ రెండు వ్రేటులును ఒక్కమాఱే ఆటగాని జీతముపై పడును.

అయినను మాంద్యము ఈ వృత్తికి ఎల్లప్పుడును శత్రువేయనుట సత్యము కాదు. ఈ వృత్తి మొట్టమొదట దేశవ్యాప్తమైన వృత్తిగా రూపొందినది దక్షిణ కొరియాలో. అదియు మాంద్యపు కడుపుననే పుట్టినది. 1997లో ఆసియా దేశముల నాణెములు కూలినప్పుడు కొరియా ప్రభుత్వము ఆ సంవత్సరాంతమున అంతర్జాతీయ ద్రవ్యనిధియెదుట చేయి చాపవలసివచ్చెను. 1998లో లక్షలకొలది ఉద్యోగులు వీధినబడిరి. సామాన్యులు ఇండ్లలోని బంగారమును దేశఋణము తీర్చుటకై తెచ్చియిచ్చిన దినములవి. అట్లు ప్రోగైన పసిడి 200 టన్నులను మించెను. ఉద్యోగములు పోయినవారిలో కొందఱు తమకు ముట్టిన పరిహారపు సొమ్ముతో వీధివీధిని కంప్యూటరు గదులు తెఱచిరి. వానిని పీసీబాంగులందురు. ఆ కాలముననే ప్రభుత్వము వేగవంతమైన ఇంటర్నెట్టును దేశమంతట వ్యాపింపజేయుచుండెను. 1998లోనే స్టార్‌క్రాఫ్టు అను అమెరికా ఆట వెలువడెను. పనిలేక తిరుగు యువకులకు గంటకు కొద్దిపాటి రుసుముతో వేడుక దొరకెను. కొలది సంవత్సరములలోనే ఆ గదుల సంఖ్య 20,000 దాటెను. మొదట గదిలో పోటీలు, పిమ్మట పేటలో పోటీలు, ఆపై నగరముల పోటీలు జరిగెను. 2000లో ఆటలకే ప్రత్యేకమైన టెలివిజను ఛానెలును, ఆ యేడే ఆటగాండ్ర పోటీలను క్రమపఱచు కొరియా ఈ-స్పోర్ట్సు సంఘమును వెలసెను. 2004లో బూసాన్ నగరమందలి గ్వాంగల్లీ సముద్రతీరమున జరిగిన అంత్యపోటీకి లక్షమంది వచ్చిరని చెప్పుదురు. పెద్ద కంపెనీలు జట్లను చేరదీసినది ఆ జనమును చూచినపిమ్మటనే. వారి ధనము రాకమునుపే ఆటకు వీథిలో చిల్లరనాణెములిచ్చు జనము గలదు.

రెండవ మాంద్యము దీనికి విరుద్ధమైన కథను చెప్పుచున్నది. 2007లో అమెరికాలోని డైరెక్‌టీవీ అను టెలివిజను కంపెనీ, బ్రిటనులోని స్కై సంస్థయు ఆసియాలోని స్టార్ సంస్థయు తోడుకాగా, ఛాంపియన్‌షిప్ గేమింగ్ సిరీస్ అను గొప్ప పోటీని నెలకొల్పెను. నగరముల పేర జట్లను కట్టిరి. ఆటగాండ్రకు జీతములు నిర్ణయించిరి. దీపములు, వేదికలు, ఆడంబరము, దేనికిని లోటులేదు. దానిలో చేరుటకై అనేకులు పాత జట్లను విడిచిరి. 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలెను. నవంబరులో ఈ పోటీ మూతపడెను. రెండు సంవత్సరములైన నిండకయే జీతగాండ్రందఱు నిరుద్యోగులైరి. 1997నుండి డాలసు నగరము కేంద్రముగా నడచుచు, 2005లో పదిలక్షల డాలర్ల బహుమానములతో దేశదేశముల పోటీలు నడపిన సైబర్ అథ్లీట్ ప్రొఫెషనల్ లీగు అంతకుముందే, 2008 మార్చిలో, తలుపులు వేసికొనియుండెను. ఫ్రాన్సునుండి నడచిన ఈ-స్పోర్ట్సు వరల్డు కప్పు నిర్వాహకసంస్థ 2009లో కుప్పకూలెను. ఒక్క యేడాదిన్నరలో పాశ్చాత్యదేశములలో ఆటగాడు నిలువదగిన వేదికలు ఒకదానివెంట నొకటి కూలిపోయెను. టెలివిజను వారు ఆడువారి యవసరమును చూచి వేదిక కట్టలేదు. ప్రకటనలు వచ్చునని కట్టిరి. ఆ యాశ తీఱకపోగానే పందిరి విప్పుకొనిపోయిరి.

మూడవది నిన్నమొన్నటిది. 2020లో కోవిడు మహమ్మారి జనమును ఇండ్లలో బంధించినప్పుడు ఆటలు చూచువారు పెరిగిరి. వడ్డీలు సున్నకు దగ్గఱగా దిగియుండుటచే లాభస్థానము దొరకని పెట్టుబడి ఈ రంగమునకు వఱదవలె పాఱెను. 2021లో క్రిప్టో నాణెముల వర్తకము చేయు ఎఫ్.టి.ఎక్స్. అను సంస్థ తన పేరును టి.ఎస్.ఎం. అను జట్టు పేరుతో జోడించుటకై పదేండ్లలో 21 కోట్ల డాలర్ల నిచ్చుటకు ఒడంబడిక చేసికొనెను. 2022 మార్చినుండి అమెరికా రిజర్వుబ్యాంకు వడ్డీని పెంచసాగెను. 2023 జూలైనాటికి అది 5 శాతమును మించెను. 2022 నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. దివాలా తీసెను, ఆ నెలలోనే టి.ఎస్.ఎం. ఆ యొడంబడికను నిలిపివేసెను. 2022 జూలైలో సుమారు 72 కోట్ల డాలర్ల విలువతో వాటాల విపణిలో ప్రవేశించిన ఫేజ్ క్లాన్ అను జట్టు, 2023 అక్టోబరులో సుమారు 1.7 కోట్ల డాలర్లకు అమ్ముడుపోవుటకు అంగీకరించెను. ఒక్కొక్క జట్టు స్థానము 2 కోట్ల డాలర్లని ప్రసిద్ధికెక్కి, 2018లో 12 జట్లతో ప్రారంభమైన ఓవర్‌వాచ్ లీగు 2023తో ముగిసెను. ఈ యంకెలు వాటాదారునికి నష్టపు లెక్కలు. జట్టులోని పందొమ్మిదేండ్ల కుఱ్ఱవానికి అవి మఱుసటి నెల జీతము లేదను మాట.

ఈ మూడు కథలను పోల్చుటకు మనకు విదేశపు ఉపమానముతో పనిలేదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజము మన యెదుట నున్నది. ఆ కుటుంబములు డేరాలను బండ్లపై వేసికొని ఊరూర తిరిగి, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని సొమ్ముతో తరతరములు బ్రతికినవి. కఱవులు వచ్చెను, యుద్ధములు వచ్చెను, సినిమాయు వచ్చెను. వారు చిక్కిపోయిరి గాని చచ్చిపోలేదు. జమీందారుల ప్రాపున వెలిగిన వస్తాదుల తాలీంఖానాలో? జమీందారీలు రద్దయినప్పుడు వానిలో ఎన్నో దీపము పెట్టువారు లేక పాడువడినవి. వస్తాదు బలము తగ్గి కాదు, పోషకుని పెట్టె ఖాళీయై. జనము చేయి పట్టుకొన్న కళ మాంద్యమున సన్నగిలును. ప్రభువు చేయి పట్టుకొన్న కళ ఆ చేయి విదల్చినదినమే నేలబడును.

కొరియాయే ఈ సత్యమునకు రెండవ సాక్ష్యము కూడ నిచ్చినది. జనపు గదులలో పుట్టిన ఆ వృత్తి క్రమముగా పెద్ద కంపెనీల పంచన చేరెను. 2011లో మూడు జట్లు ఒక్కమాఱే చెదరిపోయెను. 2016 అక్టోబరులో స్టార్‌క్రాఫ్టు ప్రోలీగును నిలిపివేసి, అయిదు జట్లను రద్దుచేసిరి. జట్లును ఆటగాండ్రును తగ్గుట, పోషకులు దొరకకుండుట, పందెగాండ్ర కుట్రలు కారణములని సంఘమువారే చెప్పిరి. ఈ కుట్రల సంగతి ఉపేక్షింపదగినది కాదు. 2010లో డబ్బు తీసికొని యోడిపోయిన ఆటగాండ్ర సంగతి బయలువడి, ప్రఖ్యాతుడైన ఆటగానితో సహా పలువురు బహిష్కృతులైరి. చేసినది తప్పే. అయితే జీతము స్థిరముగ లేని కుఱ్ఱవాని తలుపును పందెగాడు సులభముగ తట్టగలడు. మాంద్యము మొదట జీతమును తినును. అటుపిమ్మట శీలమును తినజూచును.

ఇందుకు ప్రతివాదములు లేకపోలేదు. కొందఱు, "మంచిదే గదా, ఈ వ్యామోహము మాంద్యముతోనైన నశించినచో పిల్లలు చదువుకొందురు" అందురు. వారి యాందోళనను మేము గౌరవింతుము. మాంద్యము వృత్తిని కూల్చునే గాని వ్యామోహమును కూల్చదు. జీతములు పోయిన పిదపయు ఆట చేతిఫోనులో నుండనే యుండును. దారి మాత్రము మూసికొనును. మఱికొందఱు వ్యాపారదృష్టితో, "పొంగు చల్లాఱుట మంచిది, బలహీనములు రాలును, గట్టివి నిలుచును" అందురు. ఇందులో కొంత నిజము గలదు. లాభములేని జట్టు కోట్ల జీతములిచ్చుట ఏనాటికిని నిలువదు. కాని రాలినది ఎవరో చూడవలదా? పెట్టుబడిదారుడు ఒకచోట పోయినది మఱియొకచోట రాబట్టుకొనును. ఆటగాని వేళ్ల చుఱుకుదనము పదునెనిమిదినుండి పాతికేండ్లలోపు చెల్లిపోవు సొమ్ము. మాంద్యము మ్రింగిన ఆ రెండేండ్లను ఏ బ్యాంకు అతనికి తిరిగి యిచ్చును?

ఇంకొకవాదమును వినుచున్నాము. పాశ్చాత్యుల సొమ్ము పోయిననేమి, సౌదీ అరేబియా సొమ్ము వచ్చినదిగదాయని. నిజమే. 2022లో ఆ దేశపు ప్రభుత్వనిధికి చెందిన సంస్థ ప్రపంచమునందలి పెద్ద పోటీల నిర్వాహకులను 150 కోట్ల డాలర్లతో కొనెను. 2024లో రియాదు నగరమున జరిగిన పోటీలకు 6 కోట్ల డాలర్లు, 2025లో 7 కోట్ల డాలర్లు బహుమానములు ప్రకటించిరి. ఆకలిగొన్న ఆటగాడు ఆ పంక్తికి పోయినచో మేము తప్పుపట్టము. కాని పలువురు పోషకులు పోయి ఒక్క పోషకుడు వచ్చుట భద్రత కాదు. నూనె ధర పడిపోయిననాడో, రాజనీతి మాఱిననాడో, మరల పాతకథయే.

ఇక మన దేశపు సంగతి. మన యువకులు లక్షలకొలదిగ ఆడు ఆటకు యజమాని మనవాడు కాడు. చైనాతో సరిహద్దు వివాదము ముదిరిన 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైలు నిషేధింపబడెను. దాని స్థానమున 2021 జూలైలో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా కొరియాదేశపు క్రాఫ్టన్ కంపెనీది. 2022 జూలైలో అదియు ప్రభుత్వపుటుత్తరువుతో తొలగింపబడి, 2023 మేలో మరల అనుమతింపబడెను. దేశరక్షణకై ప్రభుత్వము తీసికొను నిర్ణయములను మేము ప్రశ్నింపము. అయితే ఆ పదినెలలు ఈ యాటనే నమ్ముకొన్న జట్లు మాంద్యము రాకయే మాంద్యమును చవిచూచెను. మైదానము పరులదైనప్పుడు తలుపు తాళము మన చేత నుండదు.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు, ఈ-స్పోర్ట్సును వానినుండి వేఱుపఱచి ప్రోత్సహింపదగినదిగా నెంచుచు శాసనము చేసెను. జూదమును ఆటనుండి విడదీయుట మేలైన పని. ఆ నెలలోనే డ్రీమ్ 11 సంస్థ భారత క్రికెట్టు జట్టునకు పోషకత్వము మానుకొనెను. మఱుసటి నెలలోనే ఒక టైర్ల కంపెనీ ఆ స్థానమును పొందెను. క్రికెట్టునకు నిమిషములో పోషకుడు దొరకుటకు కారణమేమి? బంతియు బ్యాటును ఏ కంపెనీ సొత్తును కాదు. ప్రతి యూరి బయలులోను ఆడువారు గలరు, టిక్కెట్టు కొని చూచువారు గలరు. పోషకుడు పోయినను ఆట పోదని అందఱకును తెలియును. వీడియో క్రీడకు ఆ నిబ్బరము ఇంకను కలుగలేదు.

అది కలుగుటకు చేయదగిన పనులు అసాధ్యములు కావు. మొదటిది, జీతమునకు జామీను. ఏ జట్టైనను పోటీలో చేరుటకుముందు తన ఆటగాండ్ర ఆఱునెలల జీతమును నిర్వాహకులయొద్ద ధరావతుగ నుంచవలెనని నిబంధన యుండవలెను. పోషకుడు పారిపోయినను కుఱ్ఱవాడు ఇంటికి రైలుటిక్కెట్టునకు అప్పుచేయవలసిన గతి పట్టరాదు. రెండవది, ఆటగాండ్ర సంఘము. 2023 మేలో అమెరికాయందలి లీగ్ ఆఫ్ లెజెండ్సు పోటీలలో ద్వితీయశ్రేణి జట్లను పోషింపవలెనను నిబంధనను కంపెనీ సడలింపగా, పలు జట్ల యజమానులు వానిని విడిచిపెట్ట సిద్ధపడిరి. అప్పుడు ఆటగాండ్ర సంఘమువారు ఆట మానుటకు ఓటు వేసిరి. పోటీలు రెండు వారములు వాయిదాపడి, సంప్రదింపులు జరిగెను. కోరినదంతయు దొరకలేదు గాని, ఊరక త్రోసివేయుట సాగలేదు. మన దేశమున ఈ క్రీడను పాలించు సంఘములలో ఆటగాండ్రు ఎన్నుకొన్న ప్రతినిధులకు స్థానముండవలెను.

మూడవది, ఆటను వీథికి తెచ్చుట. నేడు మన కుఱ్ఱవాడు తన గదిలో తలుపు వేసికొని యాడుచున్నాడు. తల్లిదండ్రులకు అది జాడ్యముగ తోచుచున్నది. మన కళాశాలలు, పట్టణ క్రీడామండలులు, గ్రంథాలయముల సభామందిరములు ఏడాదికొకమాఱైనను బహిరంగముగ పోటీలు జరిపించి, చిన్న ప్రవేశరుసుము పెట్టి, అందఱ యెదుట ఆడింపవచ్చును. ఇరువది రూపాయల టిక్కెట్టు కొన్న అయిదువందలమంది, విదేశపు పెట్టుబడిదారుడు చేయలేని మేలును చేయగలరు. నాలుగవది, మన యాటలు మనము చేసికొనుట. హైదరాబాదు మొదలగు నగరములలో పరదేశపు కంపెనీలకు బొమ్మలు గీసియిచ్చు నేర్పరులు మనవారే. వారి నేర్పుతో మన కథలును మన యాటలును తెఱకెక్కినచో, మైదానపు హక్కుపత్రము కొంతయైన మన పెట్టెలో నుండును. ఇది ఒక్క యేటి పని కాదు. మొదలుపెట్టనిచో ఏయేటికిని కాదు.

ఇక ఆ తండ్రికి మేము చెప్పదగిన ప్రత్యుత్తరమిది. అయ్యా, కుమారుని కసరవలదు. అట్లని చదువును మానిపింపవలదు. జట్టువారు ఒడంబడిక తెచ్చినచో దానిని తెలిసినవారిచే చదివించుడు. జీతము ఎన్నినెలలకు రూఢియో, పోటీ నిలిచిపోయినచో ఏమగునో, బహుమానములో వంతెంతయో వ్రాతమూలమున నున్నదా యని చూడుడు. అవి లేనిచోట ఎంత గొప్ప పేరున్నను సంతకము చేయనీయకుడు. కుమారునికిని ఒక్కమాట చెప్పుడు: నీ నేర్పు నీది, దానికి నేడు దొరకు వెల మాత్రము పరుల లాభనష్టములనుబట్టి పెరుగుచు తఱుగుచు నుండును. ఆ వెలనే నమ్మి ఇల్లు కట్టుకొనకుము.

మాంద్యములు మరల వచ్చును. అవి వచ్చుటను ఆపుట మన చేతిలో లేదు. కొరియాలో 1998నాటి ఉద్యోగభ్రష్టుడు అద్దెగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి దీపము వెలిగించినప్పుడు తానొక వృత్తికి పునాది వేయుచున్నానని యెఱుగడు. అమెరికాలో 2007నాటి టెలివిజను ప్రభువు కోట్లు పోసి వేదిక కట్టినప్పుడు అది రెండేండ్లైన నిలువదని యెఱుగడు. మనము ఈ రెండును ఎఱుగుదుము. ఎఱిగియు మన బిడ్డలను పరుల పందిరిక్రిందనే కూర్చుండబెట్టినచో, గాలివానను నిందించుటకు మనకు హక్కు లేదు.